సాంబారు బకెట్ ఒకటే, పోయింది ఒక్కడే: భోజన హోటల్లో హత్య ఎలా రాయాలి?

గల్లా_మనవడు
రెండేళ్ళుగా ఒక నవల రాస్తున్నాను. మూడో అధ్యాయం దగ్గర బండి ఆగిపోయింది. కథంతా ఒక భోజన హోటల్లో జరుగుతుంది. కృష్ణా జిల్లాలో చిన్న టౌను, బస్టాండు వెనక సందు, అరవై మంది కూర్చునే హాలు, అరిటాకు భోజనం. ఇద్దరన్నదమ్ములు నడుపుతారు. పెద్దాయన గల్లా చూసుకుంటాడు, చిన్నాయన వంటిల్లు. రక్తాలు, గొడ్డళ్ళు వద్దనుకున్నాను. మా అమ్మ, పిన్ని మధ్యాహ్నం పడుకుని చదువుకునేలా ఉండాలి. ఒక చావు, అనుమానించదగ్గ వాళ్ళు ఏడెనిమిది మంది, ఆ సందులోవాళ్ళే నిజం తేల్చుకోవాలి.

చిక్కెక్కడంటే, పెద్దాయన ఒంటిగంటన్నరకి కస్టమర్ల మధ్యే ఆకు ముందు కూర్చుని తింటూ పడిపోతాడు. కానీ హోటలాయె. పప్పు ఒకే గుండిగలోది, సాంబారు ఒకే బకెట్‌లోది, అన్నం ఒకే డేగిశాలోది. అందరూ తిన్నదే ఆయనా తిన్నాడు. మిగతావాళ్ళు చెయ్యి కడుక్కుని వెళ్ళిపోతే ఈయనొక్కడే ఎలా పోతాడు? గ్లాసు మార్చి చూశాను, ఆకు మార్చి చూశాను, రాసిన నాకే నమ్మకం కుదరట్లేదు. హోటల్ పని తెలిసినవాళ్ళు, మందులూ మాకులూ తెలిసినవాళ్ళు చెప్పండి.

కిళ్ళీకొట్టు_కబుర్లు
కిళ్ళీ! భోజనంలో మనిషికి విడిగా చుట్టి ఇచ్చేది అదొక్కటే.

గల్లా_మనవడు
అది మొదటే అనుకున్నానండి. కిళ్ళీ తినేసరికి మనిషి లేచి వీధిలోకి వెళ్ళిపోతాడు. నాకు ఆకు ముందే పడాలి.

ఓరుగల్లు_పోరడు
గింత ఆలోచన ఎందుకన్నా? ఊర్ల గన్నేరు చెట్లు లేవా ఏంది?

రిటైర్డ్_హెడ్డు
పోరడా, ఆ మాట పక్కన పెట్టు నాయనా. ముప్పై ఒక్క ఏళ్ళు డిపార్ట్‌మెంటులో చేశాను. పచ్చగన్నేరు కేసుల్లో నేను శవ పంచనామాకి వెళ్ళిన ఇళ్ళు ఇప్పటికీ కళ్ళ ముందున్నాయి. అందులో హత్యలు లేవు, అన్నీ ఇంట్లో మాట పట్టింపుతో ప్రాణం తీసుకున్న పిల్లలవే. ఏది ఎంత అని పుస్తకంలో రాస్తే చదివేది అమ్మా పిన్నీ మాత్రమే కాదు. గల్లా మనవడు గారూ, విషం లేకుండా రాయండి. రాయగలరు.

ఓరుగల్లు_పోరడు
తప్పయింది సార్. ఆ మాట ఎనకకు తీసుకుంటున్న.

నెల్లూరు_మెస్సు
హెడ్డు గారి మాటకి ఇంకోటి కలుపుతాను. మాది మూడు తరాల మెస్సు. పన్నెండేళ్ళ కిందట మా హాల్లో ఒకాయన తింటూ తింటూ కూలబడి పోయాడు. గుండెపోటని ఆసుపత్రిలో చెప్పారు, కాగితం కూడా ఇచ్చారు. కానీ అప్పటికే ఊరంతా "ఆ మెస్సులో సాంబారు తిని చచ్చిపోయాడంట" అని పాకిపోయింది. రోజుకి రెండొందల ఆకులు పడే హాల్లో నెల రోజులు ముప్పై కూడా పడలేదు. మా నాన్న రోజూ పదకొండింటికి తనే వీధి గుమ్మంలో కుర్చీ వేసుకుని, అందరికీ కనపడేలా మా సాంబారుతో అన్నం తినేవాడు. నేను కాలేజీ నుంచి వస్తూ దూరం నుంచి అది చూసి సందు తిరిగి ఇంటికెళ్ళిపోయేవాణ్ణి.

అందుకని మీ నవలకి నాదొక్కటే కోరిక. పోయినవాడు ఎలాగైనా పోనీండి. చివరికి ఆ సాంబారు నిర్దోషి అని తేలాలి.

గల్లా_మనవడు
ఇది చదివాక కాసేపు ఏం రాయాలో తోచలేదండి. మీ నాన్నగారి కుర్చీ నా నవల్లోకి తీసుకోవచ్చా?

నెల్లూరు_మెస్సు
తీసుకోండి. ఆయన ఉంటే సంతోషించేవాడు.

ఆకుపచ్చ_కోటు
ఎమర్జెన్సీలో పనిచేసే డాక్టర్ని. మెస్సు గారు చెప్పినట్టు తింటూ కుప్పకూలితే అందరూ గుండెపోటే అనుకుంటారు. దీనికి మా పుస్తకాల్లో ఒక పేరే ఉంది, 'కెఫె కరోనరీ'. 1963లో అమెరికాలో ఒక డాక్టరు హోటళ్ళలో జరిగిన ఇలాంటి హఠాన్మరణాల మీద రాశాడు. గుండెపోటు అనుకున్నవాళ్ళకి గొంతులో ముద్ద అడ్డుపడిందని శవపరీక్షలో తేలింది. ఊపిరి ఆడక మాట రాదు, అరవలేడు, అందుకే పక్కవాడికి కూడా తెలియదు. పొట్ట మీద నొక్కి ముద్ద బయటికి తెప్పించే హైమ్లిక్ పద్ధతి 1974లో వచ్చింది.

మీ కథకి ఇది హత్య కాదు కానీ, మొదటి అనుమానంగా బాగా పనికొస్తుంది. ఇంకో సంగతి, పాడైన తిండి వల్ల ఎవరూ ఆకు ముందు పడిపోరు. నిలవున్న అన్నంతో వచ్చే వాంతులకైనా గంట నుంచి ఆరు గంటలు పడుతుంది. పది నిమిషాల్లో పడిపోయాడంటే "తిండి కల్తీ" అన్న పుకారు అక్కడే తేలిపోవాలి.

మందుల_షాపు_మావయ్య
డాక్టర్ గారూ, పది నిమిషాల్లో అయ్యేది ఒకటుంది కదా. పడకపోవడం.

ఆకుపచ్చ_కోటు
అవును! అదే రాయబోతున్నాను. అనఫిలాక్సిస్. అందరికీ అన్నమే, ఒక్కడికి మాత్రం ప్రాణాంతకం. ఒంటి మీద దద్దుర్లు, పెదాలు వాయడం, గొంతు మూసుకుపోవడం, బీపీ పడిపోవడం. నిమిషాల లెక్క. తొడ కండలోకి అడ్రినలిన్ ఇంజెక్షన్ వెంటనే పడితే చాలావరకు బతుకుతాడు. పడకపోతే పోవచ్చు. శవపరీక్షలో ఒక్కోసారి పెద్దగా ఏమీ కనిపించదు కూడా.

ఆవకాయ_అమ్మడు
"పడదు" అన్న మాట మనవాళ్ళకి ఎంత అలుసో నాకు తెలుసు. మా చెల్లికి జీడిపప్పు పడదు. చిన్నప్పుడు ఒక పెళ్ళిలో మా పెద్దత్తయ్య "పడకపోవడమేంటే, అలవాటు లేక" అని పాయసం తాగించింది. కారులో ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దాని పెదాలు గారెల్లా వాచిపోయాయి. బతికింది. పెద్దత్తయ్య ఇప్పటికీ "నేనేం విషం పెట్టానా" అంటుంది. అలా నమ్మని మనిషి ఒకరు మీ హోటల్లో ఉండి తీరాలి.

ఓరుగల్లు_పోరడు
గట్లయితే ఒక డౌటు. పెద్దాయనకు ఏం పడదు? పల్లీలు అనుకుందాం. ఆంధ్రల హోటల్ పెట్టి పల్లీలు పడవంటే ఎట్ల నడుస్తది? పొద్దుగాల ఇడ్లీకి పల్లీ చట్నీ లేకుంట ఎవడన్న వస్తడా?

గల్లా_మనవడు
పోరడు తమ్ముడూ, నువ్వు అడ్డుపడ్డావనుకున్నావు గానీ తాళంచెవి ఇచ్చావు. ఆ హోటల్ పేరు పడిందే అందుకు! "అక్కడ కొబ్బరి చట్నీ తప్ప ఇంకో చట్నీ ఉండదు." ఊరంతా అదేదో రుచి పట్టింపు అనుకుంటారు. అసలు సంగతి ఏంటంటే, పెద్దాయన నాలుగేళ్ళ పిల్లాడప్పుడు వేరుశెనగ ఉండ తిని చావు దాకా వెళ్ళొచ్చాడు. ఆ రాత్రి తాతగారు వంటింట్లోంచి వేరుశెనగ గుళ్ళ బస్తా తీసుకెళ్ళి కాలవలో పోశాడు. అప్పటినుంచి గుళ్ళు గానీ ఆ నూనె గానీ ఆ గడప దాటలేదు. ఎందుకో ఇంట్లోవాళ్ళకే తెలుసు.

పాత_పుస్తకాల_పురుగు
అబ్బ. అంటే ఆ రోజు వంటింట్లో వేరుశెనగ ఉందంటే ఎవరో కావాలని తెచ్చినట్టే. పైగా తెచ్చింది ఇంటి మనిషే.

నెల్లూరు_మెస్సు
ఎందులో కలుపుతారో నేను చెప్తాను. కందిపొడి. గల్లా మీద కూర్చునేవాళ్ళకి పొడి సీసా, నెయ్యి గిన్నె విడిగా ఉంటాయి, మా నాన్నకీ ఉండేవి. సప్లయర్లు కూడా ముట్టుకోరు. ఒకే బకెట్టు, ఒకే మనిషి అన్న మీ చిక్కు అక్కడ విడిపోతుంది.

కాకపోతే ఒకటి గుర్తుంచుకోండి. మంచి కందిపొడి ఇసకలా జారుతుంది. వేరుశెనగ కలిస్తే నూనె ఊరి ఉండకడుతుంది, వేలికి అంటుకుంటుంది.

ఆవకాయ_అమ్మడు
వాసనో? వేయించిన గుళ్ళ వాసన వీధి చివరికి తెలుస్తుంది. యాభై ఏళ్ళుగా దానికి భయపడుతున్న మనిషి ముక్కు దగ్గరికి రాగానే కనిపెట్టడా? ఇక్కడ నేను నమ్మలేను.

కిళ్ళీకొట్టు_కబుర్లు
జలుబు చేసిందనండి.

ఆవకాయ_అమ్మడు
అదే రోజు, అదే పూట జలుబా! హంతకుడు జలుబు కోసం కాచుక్కూర్చున్నాడా?

లా_పాయింట్_లక్ష్మి
వాసన సంగతి నాకు తెలియదు గానీ, చంపడానికి కారణం ఇంతవరకూ ఎవరూ అడగలేదు. నేను సివిల్ కేసులు చూస్తాను. అన్నదమ్ముల హోటల్ అన్నారు. అక్కచెల్లెళ్ళు లేరా?

గల్లా_మనవడు
ఒక అక్క ఉంది. 1979లో పెళ్ళయి ఏలూరు వెళ్ళింది. కథలో ఇప్పటిదాకా పండక్కి వచ్చి వెళ్ళే మనిషి.

లా_పాయింట్_లక్ష్మి
అయితే వినండి. ఆమెతోనే మీ కథ తిరుగుతుంది. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకి వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం తెచ్చింది, 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు. కానీ అప్పటికే పెళ్ళయినవాళ్ళకి అది వర్తించలేదు. మీ అక్క 1979 పెళ్ళి, అందుకని ఆమెకి రాలేదు. కేంద్రం 2005లో చట్టాన్ని సవరించి ఆ తేడా తీసేసింది. మళ్ళీ 2015లో సుప్రీంకోర్టు, 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉంటేనే కూతురికి హక్కు అంది. చివరికి 2020 ఆగస్టు 11న ముగ్గురు జడ్జీల బెంచి, వినీతా శర్మ కేసులో, ఆ హక్కు పుట్టుకతో వచ్చింది, తండ్రి బతికి ఉన్నాడా లేడా అన్నదానితో పనిలేదు అని తేల్చేసింది.

మీ తండ్రిగారు 2001లో పోయారని పెట్టండి. ఆగస్టు 10న అక్కకి తమ్ముళ్ళతో సమాన వాటా లేదు. 11న ఉంది. బస్టాండు వెనక అరవై మంది పట్టే హాలున్న స్థలం ఇవాళ ఎంత పలుకుతుందో మీకే తెలుసు.

పాత_పుస్తకాల_పురుగు
తండ్రి సొంతంగా సంపాదించిందైతే?

లా_పాయింట్_లక్ష్మి
మంచి ప్రశ్న. వీలునామా లేకుండా తండ్రి పోతే స్వార్జితంలో కూతురికి 1956 నుంచే సమాన వాటా ఉంది. అందుకే బిల్డింగు తాతముత్తాతల నుంచి వచ్చిన ఉమ్మడి ఆస్తి అయి ఉండాలి. ఇంకొకటి, 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు కాగితంతో పంపకం అయిపోయి ఉంటే దాన్ని కదపరు. మీ చిన్నాయన బీరువాలో ఒక పాత పంపకాల కాగితం ఉందని, కానీ అది రిజిస్టరు కాలేదని పెట్టండి. పెద్దాయన పేపర్లో తీర్పు చదివి, "అక్కకి ఇవ్వాల్సింది ఇచ్చేద్దాం" అన్నాడనుకోండి. చాలదా?

గల్లా_మనవడు
చాలు. కథ 2020 ఆగస్టులో జరుగుతుంది.

మందుల_షాపు_మావయ్య
ఆగండాగండి. 2020 ఆగస్టా? అయితే వాసన సంగతి తేలిపోయింది కదటమ్మా అమ్మడూ! కరోనా! మా షాపుకి వచ్చినవాళ్ళలో సగం మంది అదే చెప్పేవాళ్ళు, "కాఫీ పొడి డబ్బాలో ముక్కు పెట్టినా తెలియట్లేదు" అని. నాకూ మూడు వారాలు వాసన పోయింది. మా ఆవిడ ఇంగువ కాలుస్తుంటే పక్కనే కూర్చున్నాను, తెలియలేదు. పెద్దాయనకి జులైలో వచ్చి తగ్గింది, జ్వరం పోయింది, ముక్కు రాలేదు. ఆ సంగతి ఇంట్లో నలుగురికే తెలుసు.

ఆవకాయ_అమ్మడు
ఇప్పుడు నమ్ముతాను. ఒళ్ళు జలదరించింది.

ఓరుగల్లు_పోరడు
మస్తుగుంది మావయ్యా! సప్లయర్ల మొకాలకు మాస్కులు గూడ ఉంటయి. ఎవడు వడ్డించిండో ఎవడు జెప్తడు?

నెల్లూరు_మెస్సు
జూన్ 8న హోటళ్ళు తెరుచుకోవచ్చన్నారు. తెరిచాక హాల్లో సగం బల్లలు తీసేశాం. అరవై మంది ఉండరు, ఇరవై మంది ఉంటారు, ఎడం ఎడంగా. పెద్దాయన గల్లా దగ్గర బల్ల మీద ఒక్కడే. పక్కన మనిషి లేడు కనక దద్దుర్లు రావడం ఎవరూ చూడలేదు. మాస్కు తీసి తింటున్నాడు, దగ్గాడు. దగ్గితే ఆ రోజుల్లో ఏం జరిగేదో గుర్తుందా?

ఆకుపచ్చ_కోటు
అందరూ వెనక్కి జరిగేవాళ్ళు. గుర్తుంది. ఆ నెలల్లో ఆంధ్రలో రోజుకి పదివేల కేసులు. రోడ్డు మీద పడినవాణ్ణి ముట్టుకోవడానికి మనుషులు భయపడ్డ కాలం. మీ పెద్దాయన కూడా అంతే, గొంతు పట్టుకుని లేచి నిలబడితే హాలంతా గోడకి అతుక్కుపోయి ఉంటుంది. ఆ క్షణం నెమ్మదిగా రాయండి. దాటెయ్యకండి.

రిటైర్డ్_హెడ్డు
పోలీసు పని మారకుండా రాయండి. 2020 కాబట్టి అనుమానాస్పద మృతి అంటే సీఆర్పీసీ 174. దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టం పేరుతో బీఎన్ఎస్ఎస్ 194 అని రాస్తే తప్పు, అది 2024 జులై 1 నుంచి. ఫిర్యాదు ఎవరూ ఇవ్వకపోతే "కరోనా అయ్యుంటుంది" అని అందరూ సరిపెట్టుకుంటారు, హంతకుడికి కావలసింది అదే. అక్క ఏలూరు నుంచి వచ్చి స్టేషన్ మెట్లెక్కి "శవపరీక్ష చెయ్యండి" అనాలి. అప్పుడు పొట్టలోవి ఉప్పునీళ్ళ సీసాలో సీలేసి ఫోరెన్సిక్ ల్యాబు ఎఫ్ఎస్ఎల్‌కి వెళ్తాయి. రిపోర్టుకి వారాలు పడుతుంది. ఈలోగా ఊరు సాంబారుని ఉరి తీసేస్తుంది.

నెల్లూరు_మెస్సు
ఫుడ్ సేఫ్టీ ఆఫీసరు కూడా వస్తాడు. శాంపిలు నాలుగు భాగాలు చేస్తారు, అనలిస్టు పద్నాలుగు రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి. ఆ పద్నాలుగు రోజులూ మీ నవల. గుమ్మంలో కుర్చీ ఎవరు వేసుకుంటారు?

గల్లా_మనవడు
అక్క వేసుకుంటుంది. వాటా వద్దన్నా ఇస్తానన్న తమ్ముడి కోసం.

ఇంక మిగిలింది కనిపెట్టే మనిషి. పెద్దాయన కొడుకు బెంగళూరు నుంచి ఇంటికొచ్చి లాప్‌టాప్ ముందు పనిచేసుకుంటున్నాడు, వాడి చేత సీసీ కెమెరా చూపించి, డబ్బు పడిందని తెలుగులో చెప్పే ఫోన్ పేమెంటు డబ్బా టైములు లెక్క వేయించి...

పాత_పుస్తకాల_పురుగు
వద్దండీ. ఇంత మట్టివాసన ఉన్న కథలో చివరికి కెమెరా చూసి చెప్పడమా?

కిళ్ళీకొట్టు_కబుర్లు
నేను కెమెరా వైపే. ఇప్పటి పోలీసులు చేసేదే అది.

విస్తరాకు
ఈ చర్చ పొద్దున్నుంచీ చదువుతున్నాను. రాయాలా వద్దా అనుకుంటూ ఉన్నాను. మా అమ్మ ఇరవై రెండేళ్ళు ఒక మెస్సులో ఆకులు ఎత్తింది. నన్నూ అన్నయ్యనీ ఆ డబ్బుతోనే చదివించింది. హాల్లో అందరూ ఆమెని దాటుకుని వెళ్ళేవాళ్ళే గానీ ముఖం చూసి మాట్లాడినవాళ్ళు తక్కువ. కానీ అమ్మకి వాళ్ళందరూ తెలుసు. మూడో బల్ల మేష్టారికి షుగరొచ్చిందని ఆయన ఇంట్లోవాళ్ళ కంటే ముందే తెలుసు, ఆకులో అన్నం మిగలడం మొదలైంది కనక. కోర్టు గుమాస్తా ఇంట్లో గొడవైతే తెలుసు, ఆ రోజు ఆయన కూర ముట్టడు. "ఆకు అబద్ధం చెప్పదే" అనేది.

మీ నవల్లో ఆ పని చేసే మనిషి ఉండే ఉంటుంది కదా. ఆమెకి పేరు పెట్టారా?

గల్లా_మనవడు
పెట్టలేదండి. "ఆకులెత్తే ఆవిడ" అని రెండు చోట్ల రాసి వదిలేశాను.

విస్తరాకు
ఆమె ఏం చూసి ఉంటుందో నేను చెప్తాను. ఆకు ముందు కూర్చోగానే మనం మొదట కలిపేది పొడీ నెయ్యీ. తర్వాత పప్పు, కూర. సాంబారు బకెట్టు వచ్చేసరికి అన్నం రెండోసారి వడ్డించాలి. ఆ రోజు పెద్దాయన ఆకులో ఒకే ఒక్క ముద్ద తగ్గింది. పొడి ఇసకలా లేదు, ఉండకట్టి ఆకుకి అతుక్కుంది. అన్నం కొండ మధ్యలో గుంట తియ్యలేదు. సాంబారు చుక్క ఆ ఆకు మీద ఎక్కడా లేదు.

ఆకుల్ని దొడ్డివైపు పడేస్తే ఆవులు తినేస్తాయి, సాక్ష్యం మిగలదు. కానీ నిండాకు పారెయ్యడానికి ఆమెకి చేతులు రాక కాసేపు అలాగే పట్టుకుని నిలబడి ఉంటుంది. అందుకే గుర్తుంటుంది.

నెల్లూరు_మెస్సు
సాంబారు ఆయన దాకా రానేలేదు.

రిటైర్డ్_హెడ్డు
నా సర్వీసులో ఇలాంటి సాక్షిని ఒక్కసారి కూడా పిలిచి అడగలేదు తల్లీ. పక్కనే నిలబడి ఉండేవాళ్ళు.

ఓరుగల్లు_పోరడు
అక్కా, మీ అమ్మకు దండం పెట్టినట్టు చెప్పు.

లా_పాయింట్_లక్ష్మి
మరి పొడి సీసా? చిన్నాయన కడిగేసి ఉంటాడు.

విస్తరాకు
కడిగించి ఉంటాడు. తను కడగడు కదా, హోటల్ యజమాని. ఎవరి చేత కడిగించాడో ఆమెకి తెలుసు, పీచుకి పట్టిన నూనె జిడ్డు కూడా తెలుసు. కందిపొడి సీసాకి జిడ్డెందుకుంటుంది?

గల్లా_మనవడు
మూడో అధ్యాయం చింపేశాను. మళ్ళీ మొదటి పేజీ నుంచి, ఆవిడ ఐదింటికి వెనక గుమ్మం తలుపు తీసి లోపలికి రావడంతో మొదలుపెడుతున్నాను. విస్తరాకు గారూ, మీ అమ్మగారి పేరు ఇక్కడ రాయొద్దు. ఆవిడకి ఏ పేరంటే ఇష్టమో మాత్రం అడిగి చెప్పండి, అదే పెడతాను.

విస్తరాకు
ఫోన్ చేసి అడిగాను. నవ్వుతోంది. "సీతారావమ్మ అని పెట్టమను, మా అమ్మ పేరు" అంది. ఇంకో మాట కూడా చెప్పమంది. ఐదింటికి కాదంట. నాలుగున్నరకి వస్తేనే ఆకులు తుడిచి కోసి పెట్టడానికి టైము సరిపోతుందంట.